నలభై బొట్లు

హరిప్రియ స్కూటీ దిగి గేటు తోసేసరికి కుందేళ్లన్నీ బోన్లు వదిలి పెరట్లో ఉన్నాయి. నలభై. అన్నీ తెల్లవే, అన్నింటికీ ఎర్ర కళ్లే. ఇప్పుడు అన్నింటికీ నుదుటన ఎర్ర బొట్టు కూడా ఉంది.

గంటన్నర కింద ఆమె బయలుదేరినప్పుడు ఇరవై మూడింటికే ఉంది.

హెల్మెట్ తీయడం మరిచిపోయి మళ్లీ చూసింది. వాన వెలిసిన ఎండలో, తడి బండల మీద కొన్ని గెంతుతున్నాయి, కొన్ని మూతులు తుడుచుకుంటున్నాయి, ఒకటి మరోదాని నుదురు శ్రద్ధగా నాకుతోంది. బొట్టు లేని కుందేలు ఒక్కటి కనబడినా చాలనుకుంది. కనబడలేదు.

నీళ్ల తొట్టి గట్టు మీద ఇందుబాయి కూర్చుని ఉంది. షెడ్డులో పనిచేసేది ఆమే. పక్కన రెండు గిన్నెల స్టీలు భరిణె, ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో కుంకుమ. వేళ్లు రెండు రంగుల్లోనూ ముంచి తీసినట్టున్నాయి.

"అచ్చినవా తాయీ?" అంది సంతోషంగా. "నువ్వు సగంల ఇడిసిపెట్టి పోయినవ్ గద. నేను పూరా చేసేసిన."

"ఏం పూరా చేసినవ్ మౌశీ?"

"హళదీ కుంకూ! ఇయ్యాల శ్రావణ శుక్రవారం గాదా? తల్లులు పిల్లల కోసం జివతమ్మకు మొక్కే దినం. నీకు ఇంత భక్తి ఉన్నదని నాకు తెల్వనే తెల్వదు, సచ్చీ."

హరిప్రియ చేతిలో మెడికల్ షాపు కవరు ఉంది. కవర్లో పదిహేడు సూదులున్నాయి. ఆ పదిహేడు సూదులు ఏ పదిహేడు మెడల్లోకి వెళ్లాలో ఇప్పుడు భూమ్మీద ఎవరికీ తెలియదు.

షెడ్డు ఆమె మేనత్త సూర్యకుమారిది. నాందేడ్ దాటి ధనేగావ్ వైపు, ఇంటి వెనకాలే ఉంటుంది. రైల్వేలో టికెట్ల కౌంటర్ వెనక ఇరవై ఆరేళ్లు కూర్చుని, ముందే రిటైరయి, అందరూ ఫ్లాటు కొనమంటే ఆమె కుందేళ్లు కొన్నది. బొచ్చుతోలు కోసం పెంచే తెల్ల కుందేళ్లు. ఆ తోళ్లు ఎక్కడో ఉత్తరాదిలో టోపీలవుతాయట. నాందేడ్‌లో మఫ్లర్ కట్టుకునేది చలికి కాదు, బండి మీద దుమ్ముకు. అయినా ఎక్కడో ఎవరికో చెవులకు చలి వేస్తుంది కాబట్టి ఇక్కడ అత్తకు షెడ్డు ఉంది.

తోలుకు పోయేవి పిల్లలు. ఈ నలభై తల్లులు, ఇవి ఎక్కడికీ పోవు. ఎవరిని ఎందుకు బతికిస్తున్నామని ఆలోచిస్తే హరిప్రియకు బుర్ర తిరుగుతుంది. ఒకసారి అత్తనే అడిగింది. "చంపుడు వేరు, సచ్చుడు వేరు బిడ్డా" అంది అత్త. అర్థమైనట్టు హరిప్రియ తలూపింది. అది ఇప్పటికీ అర్థం కాలేదు.

పోయిన నెల వానల్లో రోగం తగిలింది. ముందు తుమ్ము, తర్వాత ముక్కు కారడం. కారే ముక్కును కుందేలు ముందుకాళ్లతో తుడుచుకుంటుంది, అందుకని కాళ్లు అట్టలు కడతాయి. ఆ తర్వాత డొక్కలు ఎగరేస్తూ రెండు రోజులు ఊపిరి కోసం కొట్లాడి పోతుంది. అలా పదకొండు పోయాయి. పశువుల డాక్టర్ కైలాస్ వచ్చి చూసి న్యుమోనియా అన్నాడు. క్రిమి వల్ల వచ్చేది, గాలిలో ఒకదాన్నుంచి ఇంకోదానికి పోయేది. రోగం వచ్చినవాటికి మందు, రానివాటికి టీకా అన్నాడు. టీకా ఇక్కడ దొరకదు. పుణేలో ఉన్న స్నేహితుడితో తెప్పించడానికి మూడు వారాలు పట్టింది. ఐసు డబ్బాలో వచ్చిన ఒక్క సీసా, సరిగ్గా నలభై మోతాదులు. మూత తెరిస్తే ఆ రోజే అయిపోవాలి.

"ఇంకొక్కటి సచ్చినా షెడ్డు మూసేస్త హరీ" అంది సూర్యకుమారి సీసాను ఫ్రిజ్‌లో పెడుతూ. "నాతోని గాదు ఇగ. పొద్దుగాల లేస్తే పీనుగు మోసుడేనా?"

ఆమె ఉత్తమాటలు మాట్లాడే మనిషి కాదు. కౌంటర్ మూశానంటే మూసినట్టే. కౌంటర్లో ఉన్న రోజుల్లో ఆమె అద్దం తలుపు దించాక తెరిపించిన ప్రయాణికుడు ఈ డివిజన్‌లో లేడు. సీసాను హరిప్రియకు అప్పగించి, రోగం పదకొండుతో ఆగితే వస్తానని రేణుకమ్మకు మొక్కుకున్న మొక్కు తీర్చడానికి శుక్రవారం తెల్లారే మాహూర్ బస్సెక్కింది. టీకాను నమ్మింది, అమ్మవారినీ నమ్మింది, ఎందుకైనా మంచిదని.

హరిప్రియ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివింది. చదువయి పది నెలలు. ఇప్పటిదాకా ఏ కంపెనీ ఆమెకు ఏ పనీ అప్పగించలేదు, కాబట్టి లోకంలో ఆమెకు దొరికిన మొదటి బాధ్యత ఈ నలభై మెడలు. నెల కిందటే ప్రతి బోనుకూ ఒక క్యూఆర్ కోడ్ స్టిక్కర్ అతికించింది. ఫోన్ చూపిస్తే ఆ బోనులో కుందేలు వయసు, బరువు, కాన్పులు అన్నీ తెర మీదికొస్తాయి. అత్త మెచ్చుకుంది, డాక్టర్ కూడా మెచ్చుకున్నాడు. స్టిక్కర్ బోనుకు అతికింది గానీ కుందేలుకు అతకలేదన్న సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

పొద్దున మొదలుపెట్టినప్పుడు అంతా పద్ధతిగానే నడిచింది. ఒక్కో కుందేలుకు ఒక్కో కొత్త సూది, మెడ మీద వదులు తోలు పైకి లాగి కింద ఒక పోటు. అయినవాటికి గుర్తు పెడదామని తెచ్చిన మార్కర్ ఆ చెమ్మ బొచ్చు మీద రాయనంది. షెడ్డు గుమ్మం పక్క గూట్లో లక్ష్మి పటం ముందు కుంకుమ కనబడింది. తెల్ల బొచ్చు మీద ఎర్ర చుక్క. ఇంతకన్నా మంచి మార్కర్ ఏ కంపెనీ చేస్తుంది అని తన తెలివికి తనే మురిసింది. ఇరవై మూడు అయ్యాయి. నిండుగా ఉందనుకున్న సూదుల డబ్బా ఖాళీ అయింది.

సీసాను మళ్లీ ఐసులో పెట్టి, తరోడా నాకా దగ్గర మెడికల్ షాపుకు బయలుదేరింది. శుక్రవారం బోన్లు కడిగే రోజు. కడగాలంటే కుందేళ్లను పెరట్లోకి వదలాలి. "బోన్లు కడుగుకో మౌశీ, నేను బొట్లు పెట్టిన, ఫికర్ లేదు" అని తనే చెప్పింది. బొట్టు పెట్టినవంటే సూది అయినవని మాత్రం చెప్పలేదు. అంత విడమర్చాలా అనుకుంది. దారిలో వాన పట్టుకుంది, షాపు చూరు కింద గంట నిలబడింది.

మిగిలిందంతా ఇందుబాయి పూరా చేసింది.

"మౌశీ, ఎందుకు పెట్టినవ్?" అంది హరిప్రియ.

"ఎందుకేంది? సగం మందికి పెట్టి సగం మందికి పెట్టకపోతే ఎట్ల? పేరంటంల అట్ల జేస్తరా ఎవరన్న? పక్క తల్లికి పెట్టి తనకు పెట్టకపోతే ఆ తల్లికి మనసుల ఎట్లుంటది?"

"అవి కుందేళ్లు మౌశీ."

"కన్నయా లేదా పిల్లల్ని?"

అంతలో హరిప్రియకు ఒక ఆశ మెరిసింది. తను పెట్టింది కుంకుమ ఒక్కటే. ఇందుబాయి పెట్టినవాటికి పసుపు కూడా ఉంటుంది.

"పసుపు గూడ పెట్టినవా?"

"పసుపు లేకుంట కుంకుమ పెడతరా?"

"అంటే బొట్టు లేనివాటికి పసుపు, కుంకుమ రెండూ. అంతేగద? నేను పెట్టినవాటిని ముట్టలే గద?"

ఇందుబాయి ఆమెను చూసిన చూపులో జాలి ఉంది. చదువుకున్న పిల్లకు ఎవరూ ఏమీ నేర్పలేదని.

"అన్నింటికీ పెట్టిన పోరీ. ఇంటికచ్చిన ఆడమనిషిని, నీకు బొట్టున్నది పో అని పంపుతమా?"

హరిప్రియ హెల్మెట్‌తోనే బండల మీద కూర్చుంది. ఒక కుందేలు వచ్చి ఆమె చెప్పు వాసన చూసి వెళ్లిపోయింది. దానికి సూది పడిందో లేదో దాని ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. కుందేలు ముఖంలో ఎప్పుడూ ఒకే భావం ఉంటుంది, ఇప్పుడే ఏదో దుర్వార్త విన్నట్టు.

సంగతి చెప్పింది. విని ఇందుబాయి భరిణె మూత పెట్టేసింది.

"అగ్గ బాయీ" అంది మెల్లగా. తర్వాత, "మరి నాకు చెప్పవేంది?"

"నువ్వు అడగలే."

"నువ్వు చెప్పలే."

ఇద్దరూ చెప్పింది నిజమే. దానివల్ల ఒక్క కుందేలుకూ లాభం లేదు.

డాక్టర్ కైలాస్‌కు ఫోన్ చేసింది. ఆయన బిలోలి దగ్గర ఏదో ఊళ్లో ఉన్నాడు. ఎత్తింది వేరే ఎవరో. "సార్ చెయ్యి బర్రె లోపట ఉన్నది, నేను ఫోన్ చెవుకు పెడ్తున్న, మాట్లాడుండ్రి" అన్నాడు.

"బోలో తాయీ" అన్నాడు డాక్టర్ ఆయాసపడుతూ. హిమాయత్‌నగర్ అనే సరిహద్దు ఊరి మనిషి కాబట్టి ఆయన ఒకే వాక్యంలో మూడు భాషలు మాట్లాడతాడు. అన్నీ విన్నాడు. అవతల బర్రె అరిచింది. ఆయన నవ్వాడో, మూలిగాడో తెలియలేదు.

"చూడు, ఒక్కదానికి రెండుసార్లు పడ్డా అది సావది. గడ్డ పెద్దగైతది, అంతే. కని ఒక్కదానికి రెండు పడ్డయంటే ఇంకొకదానికి సున్నా. నీ దగ్గర సరిగ్గ పదిహేడే ఉన్నయ్ గద?"

"అందరికీ సగం సగం వేస్తే సార్?"

"సగం గొడుగు పట్టుకుంటె వానల ఇద్దరు తడుస్తరు. వద్దు."

"మరి ఎవరికి పడ్డదో తెలుసుకునుడు ఎట్ల?"

"అల్కగ తెలుస్తది. రెండు దినాలు ఆగు. సూది పడ్డ చోట శనగగింజంత గడ్డ అస్తది. చెయ్యి పెడితే సాఫ్ తెలుస్తది."

"రెండు దినాలకు మందు ఉండదు గద సార్! పొద్దూకే దాకనే గద?"

"అదే గద" అన్నాడు డాక్టర్. "జ్వరం చూడు. కొన్నిటికి టీకా తర్వాత జరంత అస్తది. ఏయ్, తోక పట్టుకో, తోక—" ఫోన్ ఆగిపోయింది.

హరిప్రియకు ప్రాణం లేచొచ్చింది. జ్వరం అంటే అంకె. అంకెలు ఆమె చదువుకున్నవే. థర్మామీటర్ తెచ్చింది, ఫోన్‌లో కొత్త పట్టిక తెరిచింది, ఇందుబాయి పట్టుకుంటుంటే ఒక్కోదానికీ చూడటం మొదలుపెట్టింది. మొదటిది నూట మూడు. రెండోదీ అంతే. మూడోది ఇంకొంచెం ఎక్కువ. నాలుగోది వెనకకాళ్లతో థర్మామీటర్‌ను తొట్టిలోకి తన్నింది. ఎనిమిది అయ్యేసరికి ఎనిమిదింటికీ జ్వరం ఉన్నట్టే ఉంది, ఎనిమిదింటికీ లేనట్టే ఉంది.

"ఎండల ఉరికినయ్, మనం పట్టుకుంటుంటె భయపడ్డయ్" అంది ఇందుబాయి. "ఇప్పుడు నీకు చూసినా జ్వరమే ఉంటది."

హరిప్రియ చూసుకుంది. తొంభై తొమ్మిది. ఫోన్ మూసేసింది.

"మౌశీ, ఒక పని చేద్దాం. నాకు గుర్తున్నయ్ నేను చెప్త. నువ్వు బొట్టు పెట్టినప్పుడు బోడి మొఖంతోని ఉన్నయ్ ఏవో నువ్వు చెప్పు."

ఇది బాగా నడిచింది. కనీసం నడిచినట్టు అనిపించింది. చెవి చిరిగినది, మూతి మీద పాత గాటు ఉన్నది, సూది పడగానే ఆమె జీన్స్ తడిపినది, ముంజేతి మీద రక్కి రక్తం తీసినది. అలా హరిప్రియ తొమ్మిదింటిని ఏరి, సూది అయినవని ఒక బోనువైపు పంపింది. ఇందుబాయి ఎనిమిదింటిని ఏరింది. ఆమెకు కుందేళ్ల ఆకారాలు కాదు, గుణాలు గుర్తుంటాయి.

"ఇది రాదు, బుజ్జగియ్యాలె. దీనికి నేనే మొదలు పెట్టిన. ఇది ఆ లావు దానితోని పగ పడ్డది. ఇగ ఇది... ఇది వేలు నాకింది. పక్కా."

"పక్కానా?"

"నా మనవరాలి మీద ఒట్టు."

హరిప్రియ ఆ ఎనిమిదింటికీ సూది వేసింది. ఈసారి కుంకుమ జోలికి పోలేదు, కుడి చెవికి దారం కట్టింది. ఇంక తొమ్మిది మోతాదులు మిగిలాయి. ఎవరికీ గుర్తులేని కుందేళ్లు ఇరవై మూడు మిగిలాయి. వాటిల్లో పద్నాలుగింటికి సూది అయింది, తొమ్మిదింటికి కాలేదు. లెక్క సరిపోయింది. సరిపోయిన లెక్క ఇంత నిరుపయోగంగా ఉండటం ఆమె మొదటిసారి చూసింది.

నీడ గోడెక్కింది. సీసా చుట్టూ ఐసు సగం నీళ్లయింది. చీటీలు వేద్దామా అని ఒక క్షణం నిజంగానే ఆలోచించింది.

"తాయీ" అంది ఇందుబాయి. "నా మనవరాలికి సూది ఇప్పిస్తె రెండు దినాలు అన్నం ముట్టలే. సూది పడ్డ పిల్ల తింటదా?"

హరిప్రియ ఆమెవైపు చూసింది. పాలిటెక్నిక్‌లో మూడేళ్లు ఇలాంటి ఒక్క ఆలోచన కోసం ఎన్ని ఫీజులు... సరే, అది తర్వాత.

లసూన్ ఘాస్ అంటే కుందేళ్లు ప్రాణం పెట్టే పచ్చమేత. దాన్నొక చంకెడు తెచ్చి పెరటి అవతలి మూలన వేశారు. ఇరవై మూడింటినీ ఈ మూల నుంచి వదిలారు. ముందుగా వచ్చి మేత మీద పడిన తొమ్మిదింటికి నొప్పి లేనట్టు, అంటే సూది పడనట్టు. సైన్సే. కొంచెం వంకరగా ఉంది, అంతే.

ఒకటి బాణంలా పోయింది. దాని వెనక మూడు. తర్వాత రెండు కలిసి. ఏడోది సగం దారిలో ఆగి చెవి గోక్కుని మళ్లీ బయల్దేరింది. ఎనిమిదోది దాని మీది నుంచి దూకిపోయింది. తొమ్మిదో చోటుకు రెండు ఒక్కసారే మూతి పెట్టాయి.

"ఎడమదే ముందు" అంది హరిప్రియ.

"కాదు, కుడిదే. నేను చూసిన."

"మౌశీ, నేను గూడ చూసిన."

రెండూ గడ్డి నములుతూ వీళ్లను చూశాయి. ముందొచ్చిన ఎనిమిదింటికీ పోను మిగిలింది ఒక్క మోతాదు. హరిప్రియ కుడిదాన్ని ఎత్తుకుంది, ఎందుకో తెలియదు. బహుశా ఎడమ కుడి అని వాదించే ఓపిక ఇక లేక. మెడ తోలు లాగి సూది వేసి ఖాళీ సీసాను వెలుగుకెత్తి చూసింది. అయిపోయింది. మంచిగా చేశానో, ఒక తల్లిని చంపేశానో తెలియదు.

మరుసటి రోజు మధ్యాహ్నం సూర్యకుమారి వచ్చింది. మాహూర్ ప్రసాదం, దంచిన తాంబూలం, పొట్లంలో తెచ్చింది. చెప్పులు విప్పకముందే హరిప్రియ అంతా చెప్పేసింది. ఇందుబాయి గుమ్మం బయటే నిలబడి, తన తప్పు వచ్చిన చోటల్లా "అది నేనే" అని అందిస్తూ వచ్చింది.

సూర్యకుమారి తాంబూలం నములుతూ విన్నది.

"ఎన్నింటికి పడలే?"

"తెల్వదత్తా. ఒక్కటి గూడ కాకపోవచ్చు. పది గూడ కావచ్చు."

"ఏవి అవి?"

"తెల్వదు."

"మరి తెలిసిందేంది నీకు?"

"ఎల్లుండి... అంటే రేపు. రేపు ఆదివారం గడ్డలు అస్తయి. అప్పుడు తెలుస్తది."

అత్త తిడుతుందని చూసింది. అత్త తిట్టలేదు. సంచి కింద పెట్టి షెడ్డులోకి వెళ్లి బోన్ల మధ్య కాసేపు నిలబడి వచ్చింది. అన్నంలోకి పప్పు చాలా, ఇంకా కూర చెయ్యాలా అని అడిగింది. తిట్టి ఉంటే బాగుండునని హరిప్రియకు అనిపించింది. తిట్టేవాళ్లకు ఇంకా ఆశ ఉంటుంది.

ఆదివారం పొద్దున ముగ్గురూ వరసగా కూర్చున్నారు. ఇందుబాయి పట్టుకోవడం, హరిప్రియ మెడ తడమడం, సూర్యకుమారి మళ్లీ తడిమి అవునో కాదో చెప్పడం. కౌంటర్లో టికెట్ రెండోసారి చూసే అలవాటు ఎక్కడికి పోతుంది? బొచ్చు కింద, వేలి చివర, శనగగింజంత గట్టి ముడి. ఉంది. ఉంది. ఇదీ ఉంది. తొమ్మిదో చోటు కోసం తప్పిపోయిన ఎడమ కుందేలుకూ ఉంది. హరిప్రియ కళ్లు మూసుకుని ఊపిరి వదిలింది.

ఇందుబాయి మనవరాలి మీద ఒట్టేసిన కుందేలుకు రెండు ఉన్నాయి.

"నాయన!" అంది ఇందుబాయి, తన నోరు తనే మూసుకుంటూ. గడ్డి దగ్గరికి బాణంలా పోయినదానికీ రెండు ఉన్నాయి. దానికి నొప్పి లేక కాదు, దాని ఆకలి అలాంటిది.

అంటే రెండింటికి లేవు. ఒకటి ఆ రోజు మేత దగ్గరికి రాకుండా మూలన కూర్చున్నది. ఊరికే కూర్చుంది, అంతే. రెండోదాన్ని ఇందుబాయి ఒడిలో పెట్టగానే హరిప్రియ గుర్తుపట్టింది. ముంజేయి రక్కినది. మెడంతా తడిమింది. మెత్తగా, నునుపుగా ఉంది. మళ్లీ తడిమింది.

అప్పుడు గుర్తొచ్చింది. రక్కగానే దాన్ని బోనులోకి వదిలేసి, డెటాల్ కోసం లోపలికి పోయింది. దీని సంగతి చివర్న చూద్దాం అనుకుంది. చివర్న అన్నది మరిచిపోయి, రక్కింది అన్నదే గుర్తుపెట్టుకుంది. నలభైలో తను అన్నింటికన్నా గట్టిగా నమ్మిన కుందేలు ఇది.

"నాదే అత్తా" అంది. "ఇది నా తప్పు. ఇందుమౌశీది కాదు."

సూర్యకుమారి రెండింటినీ రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మల్ల మందు ఎప్పుడస్తది?"

"మూడు వారాలకు. అందరికీ రెండో సూది అప్పుడే. వీటికి అప్పుడు మొదటిది."

"అయితె ఇవి షెడ్డుల ఉండద్దు. ఇంట్ల ఉంటయ్."

అలా రెండు కుందేళ్లు ముందుగదిలో టీవీ కింద కాపురం పెట్టాయి. షెడ్డులోకి వెళ్లొచ్చినవాళ్లు చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని గానీ ఆ గదిలోకి రాకూడదని అత్త చట్టం చేసింది. సీరియల్ చూస్తున్నంతసేపూ ఆమె కళ్లు తెర కన్నా ఒక అడుగు కిందే ఉండేవి. షెడ్డు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఈనబోయేవాటికి చెక్కగూళ్లు చెయ్యాలని ఇందుబాయి రెండుసార్లు అడిగింది. "చూద్దాం" అంది సూర్యకుమారి రెండుసార్లూ.

తొమ్మిదో రోజు పొద్దున, రక్కినది తుమ్మింది.

హరిప్రియ టీ గ్లాసు అలాగే పట్టుకుని ఆగిపోయింది. మళ్లీ తుమ్మింది. ముందుకాళ్లతో మూతి తుడుచుకుంది. కాళ్లు తడిగా ఉన్నాయా? ఉన్నాయి. పక్కన నీళ్ల గిన్నె ఉంది, అందులో కాలు పెట్టిందేమో. పెట్టకపోయి ఉండవచ్చు. డొక్కలు ఎగరేస్తోందా? కుందేలు డొక్కలు ఎప్పుడూ ఎగురుతూనే ఉంటాయి కదా. లేక ఇంతగా ఎగరవా? తొమ్మిది రోజులుగా చూస్తున్న డొక్కలు మామూలుగా ఎలా ఉంటాయో ఆమెకు ఒక్కసారిగా గుర్తురాలేదు.

వంటింటి గుమ్మంలో అత్త నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో. వెనక్కి తిరిగి స్టవ్ ఆపేసి షెడ్డువైపు నడిచింది.

హరిప్రియ కూరగాయల బుట్టలో తువ్వాలు పరిచి కుందేలును పెట్టింది. ఇందుబాయి స్కూటీ వెనకెక్కి బుట్టను ఒళ్లో పెట్టుకుంది. దారంతా గుంతలు. గుంత వచ్చినప్పుడల్లా ఇందుబాయి బుట్టను పసిపిల్లలా పైకెత్తి పట్టుకుంది.

"జల్ది పోనియ్ పోరీ."

"పోనిస్తె గుంతల పడతం."

"అయితె మెల్లగ పోనియ్."

"మెల్లగ పోతె—"

"నాకు తెల్వదు, నువ్వే ఎట్లనో పోనియ్!"

పశు దవాఖానలో డాక్టర్ కైలాస్ ఈసారి రెండు చేతులూ ఖాళీగా పెట్టుకునే ఉన్నాడు. కుందేలును బల్ల మీద పెట్టి డొక్కలకు స్టెతస్కోప్ ఆనించాడు. ఇటు విన్నాడు, అటు విన్నాడు, మళ్లీ ఇటు విన్నాడు. ఆయన కనుబొమలు కదిలినప్పుడల్లా హరిప్రియకు అర్థం మారుతూ వచ్చింది. తర్వాత టార్చ్ తీసి ముక్కులోకి చూశాడు. సన్న పట్టకారు అడిగాడు. ఇందుబాయిని తల కదలకుండా పట్టుకొమ్మన్నాడు. ఒక్క క్షణం. కుందేలు గింజుకుంది, పెద్దగా తుమ్మింది. పట్టకారు చివర వెంట్రుకలాంటి గడ్డివెన్ను ముక్క ఉంది, అరంగుళం పొడవు.

"గిది" అన్నాడు డాక్టర్.

"న్యుమోనియా కాదా?"

"ఊపిరి సాఫ్‌గ ఉంది. ఇయ్యాలకైతె సాఫ్. రేపటిది రేపు అడుగు." గడ్డిముక్కను కాగితం మీద పెట్టి ఆమెవైపు జరిపాడు. "తీస్కపో, మీ అత్తకు చూపెట్టు. లేకుంటె నమ్మదు."

ఇందుబాయి కుందేలు నుదురు నిమిరింది. అక్కడ ఇంకా కొంచెం ఎరుపు ఉంది, వెలిసిపోయి గులాబీ రంగులో.

"డాక్టర్ సాబ్, దీనికి సూది పడలే. తొమ్మిది దినాలు ఏం గాలే. మరి నా హళదీ కుంకుమ—"

"బాయీ" అన్నాడు డాక్టర్, "వేరే గదిల పెట్టిండ్రు గద, అందుకే." కాస్త ఆలోచించి, "ఎక్కువగ అందుకే" అన్నాడు.

హరిప్రియ బయటికొచ్చి అత్తకు ఫోన్ చేసింది. ఒక్క రింగుకే ఎత్తింది.

"అత్తా, రోగం కాదు. ముక్కుల గడ్డిపోచ ఇరికింది. తీసేసిండు. ఊపిరి మంచిగుంది అన్నడు. ఇయ్యాలకైతె అన్నడు."

అవతల ఏమీ వినిపించలేదు. లైన్ పోయిందేమోనని ఫోన్ తీసి చూసింది. పోలేదు. ఎక్కడో సుత్తి దెబ్బ వినిపించింది. తర్వాత ఇంకోటి.

"అత్తా? విన్నవా?"

"విన్న" అంది సూర్యకుమారి. "నోట్ల మొల పెట్టుకున్న, అందుకే మాట్లాడలే. రెండు గూళ్లకు చెక్కలు కొట్టిన, పలకలు సరిపోతలేవు. అచ్చేటప్పుడు ఇంకో నాలుగు తీస్కరా. మేత గూడ, నలభైకి సరిపోయేటంత. ఈసారి వెన్ను లేని గడ్డి చూసి తేవాలె, విన్నవా?"

"విన్న అత్తా" అంది హరిప్రియ. వెన్ను ఉన్న గడ్డి ఏదో, లేనిది ఏదో ఎలా గుర్తుపట్టాలో ఆమెకు అస్సలు తెలియదు.